పంటు ఎక్కని మేనమామ

నా చిన్నప్పుడు మా పిన్ని పెళ్ళి ముహూర్తం తప్పిపోయింది. తప్పించింది స్వయానా ఆమె మేనమామే. మా అమ్మమ్మకు తమ్ముడు, నాకు చిన్న తాతయ్య. పోయిన నెల ఆయన కాలం చేశారు. అప్పటి నుంచి ఆసుపత్రి పని ముగించుకుని ఇంటికొచ్చి కుర్చీలో కూలబడితే చాలు, ఆనాటి రేవే కళ్ళముందుకు వస్తోంది.

చిన్న తాతయ్య చాలా ఏళ్ళు విమానాలు నడిపి, రిటైరయ్యాక భీమవరం వచ్చి స్థిరపడ్డారు. మా వీధిలో అందరికీ ఆయన పైలట్ గారు. విమానం నడిపినాయన ఎంత జోరుగా ఉంటారోనని మేం అనుకున్నాం గానీ, ఆయన స్కూటర్ కూడా నింపాదిగా నడిపేవారు. రొయ్యల మేత బస్తాలు వేసుకుపోయే రిక్షాలు సైతం ఆయన్ని దాటిపోతుంటే పిల్లలం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

పిన్ని పెళ్ళి అంతర్వేదిలో. మగపెళ్ళివారిది రాజోలు వైపు, కాబట్టి వాళ్ళు ముందే అక్కడికి చేరిపోయారు. మేం నరసాపురం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటాలి. కార్లూ, బస్సులూ, మనుషులూ అందరినీ ఒకేసారి దాటించేది ఆ పంటే. ముహూర్తం మధ్యాహ్నానికి. మా తాతయ్య అప్పటికే లేరు. సంబంధాలు వచ్చినట్టే వచ్చి తప్పిపోయాక, ఎట్టకేలకు కుదిరిన పెళ్ళి అది. అమ్మమ్మ ప్రాణాలన్నీ దాని మీదే పెట్టుకుని ఉంది.

రేవుకు చేరేసరికి గాలి లేచింది. సముద్రం దగ్గరే కాబట్టి పోటు ఎక్కుతోంది, దానికి ఎదురుగా గాలి కొడుతోంది. మధ్యలో నీళ్ళు తెల్లగా విరిగిపడుతున్నాయి. పంటు మీద అప్పటికే ఒక బస్సూ, లారీ, బోలెడంత జనం. అయినా మాకు చోటుందని రమ్మన్నారు. చిన్న తాతయ్య కారు దిగి, గట్టున నిలబడి చాలాసేపు నీళ్ళకేసి చూశారు. వెనక్కి వచ్చి, మనం దీని మీద వెళ్ళడం లేదన్నారు. గొంతు కూడా పెంచలేదు.

ఇక చూడాలి మా వాళ్ళ గోల. "ఏరా, ఆకాశంలో లేని భయం నీకు గోదాట్లో పుట్టిందేంట్రా?" అని అమ్మమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. బుగ్గన చుక్కతో ముస్తాబై కూర్చున్న పిన్ని కారులోనే ఏడ్చింది. ఆయన్ని వదిలేసి వెళ్ళిపోదామన్నవాళ్ళూ ఉన్నారు. కానీ మేనమామ బుట్టలో కూర్చోబెట్టి మోసుకురాకుండా మా ఇళ్ళల్లో పెళ్ళికూతురు పీటల మీదకు రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఆ హక్కు పట్టుకునే గట్టున నిలబడ్డారు.

పంటు మేం లేకుండానే కదిలింది. ఊగింది, కొంచెం పక్కకు కొట్టుకుపోయింది, చివరికి క్షేమంగా అవతలి ఒడ్డు చేరింది. దిగినవాళ్ళు చీమల్లా నడిచిపోవడం మాకు కనబడుతూనే ఉంది. అది చూశాక మా వాళ్ళ కోపానికి పట్టపగ్గాల్లేవు. సిద్ధాంతం వంతెన మీదుగా చుట్టూ తిరిగి అంతర్వేది చేరేసరికి ముహూర్తం దాటిపోయింది. పెళ్ళికొడుకు తండ్రి పదిమందిలో అనకూడని మాటలన్నీ అన్నారు, సామాను సర్దమని తన వాళ్ళను పురమాయించారు కూడా. చిన్న తాతయ్య చేతులు జోడించి, తప్పు నాదేనండి అంటూ నిలబడ్డారు. పంతులుగారు పంచాంగం తిరగేసి మర్నాటి పొద్దుటికి ఇంకో ముహూర్తం చూపించి, వాళ్ళు సరేననేదాకా అమ్మమ్మ మంచినీళ్ళు ముట్టలేదు.

మర్నాడు ఆయనే పిన్నిని బుట్టలో మోసుకొచ్చారు. పెళ్ళయ్యాక భోజనాల బంతిలో ఆయన పక్కన ఎవరూ కూర్చోకపోతే నేను వెళ్ళి కూర్చున్నాను. మనసులో తొలుస్తున్న మాట అడిగేశాను.

"తాతయ్యా, పంటు చేరిపోయింది కదా. మరి మీరు పొరపాటు పడ్డారా?"

"పడ్డాననే అనుకో తల్లీ. ఈ పొరపాటు ఇవాళ దిద్దుకున్నాం కదా. పంటు ఎక్కి పొరపాటు పడితే దిద్దుకోలేం."

వాతావరణం బాగాలేక విమానం దింపకుండా వెనక్కి తిప్పిన రోజులూ ఉన్నాయట. జనం తిట్టుకుంటూ దిగుతుంటే తలుపు దగ్గర నిలబడి ప్రతి ఒక్కరికీ నమస్కారం పెట్టేవారట. "నన్ను తిట్టినవాళ్ళందరూ ఇంటికెళ్ళి అన్నం తిన్నారమ్మా" అని, పెరుగు వడ్డించే అబ్బాయిని కేకేశారు.

ఆ మాట అప్పుడు నాకు సగమే అర్థమైంది. పిన్ని మాత్రం ఏటా పెళ్ళిరోజున ఆయనకు ఫోన్ చేసి మరీ సాధించేది. ఆయన నవ్వుతూ వినేవారు. పోయిన నెల ఆయన్ని చాపమీద పడుకోబెట్టినప్పుడు పిన్ని పాదాల దగ్గర కూలబడి, "నా పెళ్ళికి అంత ఆలస్యం చేసినవాడివి, దీనికెందుకు తొందరపడ్డావు మావయ్యా" అని ఏడ్చింది. ఆయన మోసి తెచ్చిన పెళ్ళికూతురి కొడుకులే ఆయన్ని మోశారు.

నేను రాజమండ్రిలో మత్తు డాక్టర్ని. ఆయన పెద్దకర్మ అయి వచ్చిన మర్నాడే, మంచి ఘడియ చూపించుకుని ఒకమ్మాయిని సిజేరియన్‌కు తీసుకొచ్చారు. ఏమీ పెట్టకుండా తీసుకురమ్మంటే, శుభానికి వెళ్తూ ఖాళీ కడుపుతో గడప దాటకూడదని అత్తగారు ఇడ్లీలు తినిపించి తెచ్చింది. ఆ కడుపుతో మత్తిస్తే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు కాబట్టి ఆగుదామన్నాను. "రెండిడ్లీలకి పుట్టే బిడ్డ జాతకం మార్చేస్తారా అండీ?" అని ఆవిడ వరండా అదిరేలా అరిచింది. ఇలాంటివి ఎన్నిసార్లు పడ్డానో. మత్తు ఇచ్చేసి ఉంటే ఏమీ కాకపోనూ వచ్చు. ఆగినందుకు మెచ్చుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ పెళ్ళి నుంచి నేను తెచ్చుకున్నది తిట్లు పడే ఓపిక ఒక్కటే. ఈ మధ్య అదీ తరిగిపోతోంది.

బిడ్డ సాయంత్రానికి పుట్టాడు. బయటికొచ్చి అత్తగారికి నమస్కారం పెట్టాను. ఆవిడ ముఖం తిప్పుకుంది. తిప్పుకునే, బల్ల మీద క్యారియర్ విప్పి కొడుక్కీ తనకూ అన్నం పెట్టుకుంది. వాళ్ళు తినడం మొదలుపెట్టాక నేను ఇంటికి బయలుదేరాను.