కుమ్మరిగల్లీ, పదకొండో వార్డు

వార్డులు మల్లా విడగొట్టిన్రంటే మొగులయ్యకు భుజాల నొప్పి మొదలైతది. నారాయణఖేడ్ మున్సిపాలిటీ అయినప్పటినుంచి గోడల మీద వార్డు నంబర్లు రాసేది అతనే. నిచ్చెన ఎక్కే మోకాళ్లు ఇప్పుడు లేవు, అందుకే కుంచెను పొడుగు కట్టెకు కట్టుకుంటడు. పాత అంకెను చెరపడు. దాని మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన కొత్తది రాస్తడు. ఏ ఇల్లు ఎన్ని వార్డులు తిరిగిందో ఆ గీతలు చూస్తే తెలుస్తది. మనుషులు మాత్రం ఇప్పటికీ కుమ్మరిగల్లీ అనే అంటరు.

ఆ గల్లీ కొసకు హన్మమ్మ ఇల్లు. గోడ మీద నాలుగు కొట్టేసి ఉన్నది, పక్కన తొమ్మిది. ఇంటి ముందటి మురుగు మోరి నిండి నల్లనీళ్లు గడప దాటుతుంటే ముసలామె చీపురుతో బయటికి నూకుతున్నది.

"గీసారి ఏ వార్డుల ఏసిన్రు?" అన్నది తలెత్తకుండనే.

"పదకొండు, అవ్వా."

"నాలుగుల ఉన్నప్పుడు ఇది తొమ్మిదోల్ల మోరి అన్నరు. తొమ్మిదిల ఏసినంక నాలుగోల్లదన్నరు. ఏ నంబరు రాస్తె మోరి తీస్తరో గదే రాయి బిడ్డా."

మొగులయ్య చేతిల ఉన్న మున్సిపాలిటీ కాగితం ఇంకోసారి చూసిండు. పదకొండే ఉన్నది. తొమ్మిది మీద గీత కొట్టి అదే రాసిండు. రాసినంక కుంచె విప్పి డబ్బాల పెట్టి, ఆ కట్టెను మోరిల దించిండు.