పెరట్లో పోపు

నీళ్ల సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఐర్లండ్‌లోని షానన్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో ఇంజెక్షన్లకు వాడే నీళ్లు శుద్ధి చేయించడం నా పని. మాంద్యం వచ్చి ఆ పని వారానికి మూడు రోజులకు తగ్గింది. మా ఆయనకైతే ఉద్యోగమే పోయింది. వంటిల్లు ఆయన చేతిలోకి వెళ్లింది, హాల్లోని ఉప్పునీటి తొట్టి నా చేతిలోకి వచ్చింది.

తొట్టిలో రెండు క్లౌన్ చేపలు, నారింజ రంగు మీద తెల్ల పట్టీలు. వాటి కాపురమంతా ఒక ఎనిమోనీలో. అది చూడ్డానికి పువ్వులా ఉంటుంది గాని, అదీ ప్రాణమున్న జీవే. మన చేతివేళ్లలాంటి దాని వేళ్ల మధ్యే చేపలు పడుకుంటాయి. ఆవిరైపోయినంత మంచినీళ్లు రోజూ నేనే పోసేదాన్ని, మరొకరిని ముట్టనిచ్చేదాన్ని కాదు.

ఉన్నట్టుండి ఎనిమోనీ ముడుచుకుపోవడం మొదలైంది. చేపలు అందులో దూరబోయి, చోటు చాలక చుట్టూ తిరిగేవి. నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది.

"అంతా మీ పోపు వల్లే! ఆ మిరపకాయల ఘాటుని తొట్టి గాలిపంపు లాగి నీళ్లలో కలుపుతోంది."

"పోపుకి ఎక్కడైనా ఇలా అవుతుందా?" అన్నారు మా ఆయన.

"నీళ్ల గురించి నాకు చెప్పకండి."

మర్నాటి నుంచీ ఆయన చిన్న స్టవ్ పెరట్లో పెట్టుకుని, వానకోటు తొడుక్కుని, ఆ ఈదురుగాలిలో పోపు వేసేవారు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి "ఆర్ యూ ఓకే దేర్?" అంటే బాగానే ఉన్నానని ఇక్కడివాళ్లలాగే "గ్రాండ్, గ్రాండ్" అనేవారు.

రెండు వారాలైనా ఎనిమోనీ కోలుకోలేదు. ఇక జబ్బేనని చేపల మందు కొనుక్కొచ్చాను. మూత తీస్తుంటే మా ఎనిమిదేళ్ల అమ్మాయి సీసా మీది లేబుల్ చదివి అరిచింది.

"మామీ, స్టాప్! ఇట్స్ గాట్ కాపర్. ఇట్ కిల్స్ ఎనిమోనీస్!"

కాపర్. తొట్టి పక్కనే నా రాగి చెంబు ఉంది. రాత్రంతా రాగిలో నిలిచిన నీళ్లు ఒంటికి మంచివని మా ఇంట్లో అందరం తాగుతాం. ఫ్యాక్టరీ పని తగ్గి తీరిక దొరికాక, చేపలకు మాత్రం ఎందుకు తక్కువ చెయ్యాలని ఆ నీళ్లే తొట్టిలో పోస్తూ వచ్చాను. ఫ్యాక్టరీ నీళ్లలో రవ్వంత లోహం కనబడితే మొత్తం పారబోయించే మనిషిని! సిగ్గుతో చచ్చిపోయాను.

అయినా సిగ్గుపడుతూ కూర్చోవడం నాకు చేతకాదు. మర్నాడే ముగ్గురం సముద్రం ఒడ్డుకు వెళ్లి డబ్బాలతో నీళ్లు తెచ్చాం. రోజూ కొంత పాత నీరు తీసి కొత్తది పోశాను. డబ్బాలు మోసింది మా ఆయనే. పదో రోజు పొద్దున ఎనిమోనీ వేళ్లు విప్పింది. పెద్ద చేప ముందు దూరింది, దాని వెనకే చిన్నది.

నేను వంటింట్లోకి వెళ్లాను. "తప్పు నాదేనండీ. ఇవాళ పోపు ఇక్కడే పెట్టండి."

"సరేలే," అంటూ ఆయన పోపుల డబ్బా అందుకున్నారు. రెండో చెయ్యి అలవాటుగా తలుపు వెనకున్న వానకోటు మీదికి వెళ్లింది.