మోకాటి లోతు నీళ్ళు

వానాకాలానికి ముందు పుదుచ్చేరిలో జరిగే మీటింగుకు ప్రతి ఏడూ పోయేవాణ్ణి. రోడ్ల ఆఫీసులో ఇంజనీరుని కదా, పోక తప్పదు. హైవే మీద నీళ్ళు నిలిస్తే కరెంటు మోటారుతో తోడిస్తాం అని మేం చెప్పేవాళ్ళం. నీళ్ళు తీసేస్తే తెగిన తీగలు బాగుచేస్తాం అని కరెంటువాళ్ళు. కరెంటుంటే టవరు పనిచేస్తుంది అని ఫోనువాళ్ళు. అందరం వడలు తిని, టీ తాగి, ఏర్పాట్లు భేషుగ్గా ఉన్నాయనుకుని లేచేవాళ్ళం. మా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఒక ఏడు తుఫాను వానకి ఏంబలం నుంచి వచ్చే దారిలో పల్లంచోట నీళ్ళు నిలిచాయి. కరెంటు తీగ తెగి అందులో పడింది. నేను డ్యూటీ మీద టౌను వైపున ఉన్నాను. అవతల ఒక వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి దిగింది పుట్టింటికి పోయిన మా ఆవిడ. వాళ్ళ నాన్నకు గుండెనొప్పి, ఆసుపత్రికి తెస్తున్నాం అని కేకేసి చెప్పింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

నీళ్ళు మోకాటి లోతే. ఇటు ఆఫీసు జీపు సిద్ధంగా ఉంది. కానీ లైన్‌మాన్ ఎవరినీ దిగనివ్వలేదు. ఊళ్ళో కరెంటు లేకపోవడం వేరు, ఆ తీగలో లేకపోవడం వేరు, సబ్‌స్టేషన్ వాళ్ళు చెప్పాల్సిందే అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. ఫోన్లు మాత్రం ఎవరివీ పలకడం లేదు. ఒక మనిషిని స్కూటరు మీద పంపాం.

మా ఆవిడ కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళలోకి దిగబోయింది. దిగొద్దని గొంతు పోయేలా అరిచాను. ఆమె మీద అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. ఆమె వెనక్కి పోయి తండ్రి తల ఒళ్ళో పెట్టుకుంది. ఆయన చేయి ఆమె చేతిని పట్టుకుని ఉండడం ఇటు నుంచి కనిపిస్తూనే ఉంది. కాసేపటికి ఆ చేయి జారిపోయింది. రోడ్ల ఇంజనీరుని, రోడ్డు మీదే నిలబడి చూశాను.

స్కూటరు మనిషి ఆ తరవాత వచ్చాడు. తీగ తెగగానే, పొద్దున్నే, ఆ లైను ఆపేశారట. మాకు చెబుదామంటే ఫోను కలవలేదట.

దహనం అయిన మరునాడు మా ఆవిడ అన్నం పెడుతూ, నా మొహం చూడకుండా అడిగింది.

"మీ ఆఫీసుల్లో ఇంతమంది ఉండారే, ఆ తీగలో కరెంటు లేదని చెప్పేదానికి ఒక్కడు లేకపాయనా?"