మామయ్య జవాబు రాయలేకపోయిన ఉత్తరం

పోయిన వారం ఇక్కడ ఖతర్‌లో, ఉమ్ ఘువైలినా పేటలో పంటి డాక్టరు క్లినిక్ ముందు కారు ఆపుకొని, నేను డ్రైవరుగా ఉన్న ఇంటి మేడమ్ కిందికి దిగేదాకా ఏసీ వేసుకొని కూర్చున్నాను. ఫోను టింగుమంది. ఏషియన్ టౌన్ వైపు క్యాంపులో ఉండే మన తెలుగు కుర్రాడొకడు, పండక్కి నాటకం వేస్తున్నామని, ముసలిరాజు వేషానికి నన్ను రమ్మని కబురు పంపాడు. కబురంటే ఎంతో అనుకునేరు, అంకుల్ ఓకేనా అని ఒక్క ముక్క. నేను బొటనవేలి బొమ్మ నొక్కితే చాలట, వేషం ఖాయమైపోయినట్టే. వేషానికి పిలుపు ఇలా వస్తుందని మా మామయ్యకు చెబితే నమ్మేవాడు కాడు, నమ్మితే మాత్రం నన్నే తిట్టేవాడు.

మామయ్య మా అమ్మకు పెద్దన్న. కోనసీమలో ఒకప్పుడు పౌరాణిక నాటకాల సమాజం నడిపినవాడు. యజమానీ తానే, రాజు వేషమూ తానే, తెర లేవకపోతే తిట్లు తినేదీ తానే. ఇంటింటికీ టీవీలు వచ్చి నాటకం చూసే దిక్కు లేకపోయాక సమాజం మూతబడింది, ఆయన ఖతర్ వచ్చి ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా చేరాడు, కొన్నాళ్ళకు నాకూ వీసా తీయించి పిలిపించుకొన్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? మెసైమీర్‌లో మా గదుల వెనకున్న ఖాళీ స్థలంలో, డ్యూటీలు లేని శుక్రవారాల్లో, డ్రైవర్లనూ సైటు పనివాళ్ళనూ పోగేసి మళ్ళీ పద్యాలు పాడించడం మొదలుపెట్టాడు.

సమాజం నడపడమంటే సగం ఉత్తరాలు రాయడమేనని ఆయన అనేవాడు. దగ్గరుండి చూశాను కనుక చెబుతున్నాను, అది అక్షరాలా నిజం. మంత్రి వేషగాడికి ఫలానా శుక్రవారం సెలవివ్వమని క్యాంపు బాసుకు వచ్చీరాని ఇంగ్లీషులో ఒకటి, కిరీటాలూ గడ్డాలూ అద్దెకిచ్చే ఊళ్ళో దుకాణందారుకు ఒకటి, చదువురాని నటుల తరఫున వాళ్ళ ఇళ్ళకు ఇంకొన్ని రాసేవాడు. ఆ భార్యలకు రాసేటప్పుడు రాజు వేషం ఎక్కడికి పోయేదో, ఎంతో నెమ్మదిగా, కూతురితో మాట్లాడినట్టు రాసేవాడు. వచ్చిన ఉత్తరానికి జవాబు రాయకుండా అన్నం ముట్టేవాడు కాడు. అవతలివాడు నీ కోసం ఎదురుచూస్తుంటే నీకు ముద్ద ఎలా దిగుతుందిరా అని మమ్మల్నీ కోప్పడేవాడు. ఉత్తరాలన్నీ మా కఫీలు, అంటే మాకు వీసా ఇచ్చిన ఇంటి యజమాని, పోస్టు బాక్సుకే వచ్చేవి, ఇంటిల్లిపాదికి వచ్చినవాటికంటే వంటింటి వెనక డ్రైవరుకు వచ్చినవే ఎక్కువని ఆ పెద్దాయన నవ్వేవాడు.

మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, శుభవార్తయితే కాగితం నాలుగు మూలలా పసుపు రాసేవాళ్ళం, చావుకబురైతే గుమ్మం బయటే చదివి, అక్కడే చింపేసి, తల మీద నీళ్ళు పోసుకొని గాని లోపలికి వచ్చేవాళ్ళం కాదు. దేశం మారినా మామయ్య ఈ రెండిట్లో దేన్నీ వదల్లేదు.

ఇక ఆయన స్నేహితుడి సంగతి. ఇరవై ఏళ్ళు మామయ్య పక్కన మంత్రి వేషం కట్టినవాడు, ఒక సీజను మధ్యలో రాజు వేషం ఇస్తామన్నారని వేరే సమాజానికి వెళ్ళిపోయాడు. వాడి మొహం చూడనని మామయ్య అందరి ముందూ ఒట్టుపెట్టుకొన్నాడు. ఆ స్నేహితుడే, ఎవరి దగ్గర పట్టాడో అడ్రసు, ముందుగా ఖతర్‌కు ఉత్తరం రాశాడు. మామయ్య జవాబు రాశాడు గాని, అందులో క్యాంపు బాసుకు రాసిన దానికున్నంత మర్యాద తప్ప ఇంకేమీ లేదు. రెండేళ్ళు అటూ ఇటూ నడిచాక ఆ మర్యాద కరిగి పాత ఎకసెక్కాలు మళ్ళీ వచ్చాయి. అయినా ఒక్క మాట మాత్రం మామయ్య రాయలేదు, నీ మీద నాకు కోపం లేదురా అని. అది కాగితం మీద చెప్పే మాట కాదు, సెలవుకు వెళ్ళినప్పుడు ఎదురుగా నిలబడి చెబుతానని నాతో అనేవాడు.

ఆ సెలవు రాకముందే ఎయిరోగ్రామ్ ఒకటి వచ్చింది. ఒకే కాగితం, లోపల సంగతి, వెనక అడ్రసు. గాలి దుమారం రేగుతున్న మధ్యాహ్నం, గది బయట నిలబడి మామయ్య పైకి చదివాడు. రాసింది స్నేహితుడి కొడుకు. నాన్న పోయారు, ఊళ్ళో ఇల్లు అమ్మేసి అమ్మను నా దగ్గరికి తెచ్చుకొన్నాను, మీకు కోపం పోయిందో లేదోనని నాన్న చివరిదాకా అడిగారు, మీ చేత్తో రెండు ముక్కలు రాస్తే అమ్మ మనసు కుదుటపడుతుంది, ఇదీ అందులో ఉన్నది. చదవడం అయిందో లేదో ఆయన చేతులు వాటంతటవే కాగితాన్ని ముక్కలు చేసేశాయి, పుట్టినప్పటినుంచీ ఎరిగిన పని అది. స్నానం చేసి వచ్చి, కలం తీసి, అడ్రసు కోసం చెయ్యి చాచాక గాని, కొడుకు కొత్త అడ్రసు కూడా ఆ ముక్కల్లోనే పోయిందని ఎవరికీ వెలగలేదు.

అందరం బయటికి పరుగెత్తాం. మా సమాజంలో భటుడి వేషం వేసే జగిత్యాల మేస్త్రీ ప్రహరీ అవతలి ఇసకంతా దేవులాడి వచ్చి, ఒట్టి చేతులు చూపించాడు. "ఒక్క ముక్క గూడ దొరకలే మామా. గాలికి అన్నీ కొట్టుకపోయినయి." మామయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు.

తర్వాత ఆయన పడని పాట్లు లేవు. పాత ఊరి అడ్రసుకు రాస్తే ఉత్తరం తిరిగొచ్చింది. అక్కడి పోస్టుమాస్టరుకు రాశాడు, స్నేహితుడు వెళ్ళి చేరిన ఆ రెండో సమాజం వాళ్ళకు రాశాడు, సెలవుకు వెళ్ళే ప్రతివాడికీ అప్పగింతలు పెట్టాడు. కొడుకు తెలంగాణ వైపు ఏదో ఫ్యాక్టరీలో ఉన్నాడని మాత్రమే తెలిసింది. శుక్రవారం నాటకాలు సాగాయి గాని, మంత్రి వచ్చే రంగంలో మామయ్య గొంతు అదివరకటిలా లేచేది కాదు. చివరికి వయసు మీదపడి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు నేను సెలవులో ఉండగా రాజమండ్రిలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర ఆ కొడుకే నా పక్క విస్తరిలో కూర్చున్నాడు. మాటల్లో ఊరూ పేరూ బయటపడి, నేను ఫలానావారి మేనల్లుణ్ణనగానే అతని చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "అమ్మ పోయేదాకా అడిగిందండి, ఖతర్ నుంచి ఉత్తరం వచ్చిందా అని. ఆయనకింకా కోపం పోలేదురా, మళ్ళీ రాసి విసిగించకు అనేదండి." చింపిన సంగతంతా చెప్పాను. అతను తలవంచుకొని విన్నాడు, తప్పు పట్టలేదు. అడ్రసు రాసిచ్చాడు.

మర్నాడే మామయ్య దగ్గరికి వెళ్ళాను. విని, కళ్ళజోడూ కాగితమూ తెమ్మన్నాడు. అరుగు మీద కూర్చుని పొద్దుగూకేదాకా కలం పట్టుకొనే ఉన్నాడు, కాగితం మీద ఒక్క గీత పడలేదు. "ఆ అబ్బాయికి రాయొచ్చురా, రాస్తాను. కానీ జవాబు అడిగింది ఆవిడ కదా" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు కూడా. ఆ మరుసటి ఏడాది మామయ్యా పోయాడు.

ఈ రోజుల్లో ఎవరి అడ్రసూ ఎగిరిపోదు. పోయినవాళ్ళ నంబర్లు కూడా ఫోనులో అలాగే ఉంటాయి. చావుకబురు వస్తే కిందనే వరసగా దణ్ణాల బొమ్మలు పడతాయి, నేనూ పెడతాను, పెట్టి డ్యూటీకి పోతాను, అన్నం వేళకు అన్నం తింటాను. ఎవరైనా నా ఒక్క మాట కోసం ఎదురుచూస్తూ ఉన్నారేమోనని ముద్ద దగ్గర చెయ్యి ఆగి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు.