మొదటి ముద్ద ఎవరిది

సూరత్‌లోని బమ్రోలిలో మా మెస్సుకు ఒక పద్ధతి ఉండేది. సాంచెల మీద బట్ట నేసి, డ్యూటీ దిగి వచ్చిన పన్నెండు మంది వరసగా కూర్చునేవారు. కంచంలో అన్నం పొగలు కక్కుతున్నా ఒక్కరూ చెయ్యి పెట్టేవారు కాదు. మా ఆయన వచ్చి మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవాలి. వాళ్లను కరీంనగర్ పల్లెల నుంచి పిలిపించి సూరత్‌లో పని నేర్పింది ఆయనే మరి. నేను అందరూ లేచాక తినేదాన్ని.

వాళ్లకు మా ఆయన పెద్ద అయితే, మా ఆయనకు ఒక సినిమా హీరో పెద్ద. పేరు చెప్పను, చెబితే ఇంట్లో ఇప్పటికీ గొడవే. దేవుడి పటం పక్కన ఆ హీరో పటం. ఆ హీరో పుట్టినరోజుకు పటానికి పాలాభిషేకం, నా చేత బుట్టెడు పులిహోర. యాభై ఏళ్లు దాటిన మనిషి, షుగరున్న మనిషి, ఆ హీరోలాగా కాలరు పైకెత్తి తిరుగుతుంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. మొదటి లాక్‌డౌన్‌లో సాంచెలు ఆగిపోయి, ఊరికి పోయే దారిలేక గదిలో కూర్చున్నప్పుడు, ఆ హీరో ఫోన్‌లో కనబడి "జాగ్రత్త తమ్ముళ్లూ" అన్నాడు. మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ నెలలో మా ఆయనతో జాగ్రత్త అన్నవాడు ఇంకొకడు లేడు.

రెండో ఏడు ఎండాకాలం వచ్చేసరికి వీధిలో పొద్దంతా అంబులెన్సుల మోత. అప్పుడే ఆ హీరోకూ కరోనా వచ్చి తగ్గింది. తగ్గాక వీడియో పెట్టాడు. మీరంతా టీకా వేయించుకోండి అన్నాడు. నన్ను మాత్రం డాక్టర్లు కొన్నాళ్లు ఆగమన్నారు, తర్వాత వేయించుకుంటాను అన్నాడు. మావాళ్లకు ఆ రెండో ముక్కే చెవికెక్కింది.

"అన్న ఏసుకోలే. అన్నకంటే ముందుగాల మనమెట్ల ఏసుకుంటం?" అన్నాడు మా ఆయన. పన్నెండు తలలూ ఊగాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆయనకు వచ్చి పోయింది గనక ఆగిండు. నీకేమొచ్చిందని ఆగుతవ్? షుగరున్నోడివి, నీకేమన్నయితే ఆ అన్న వస్తడా ఇక్కడికి?" అని అరిచాను. ఆయన వెళ్లి హీరో పటం తుడవసాగాడు. అది చూస్తే ఇంకా మంట. రోజూ పొద్దున, సాయంత్రం అదే పాట పాడాను. గోడకు చెప్పినట్టే.

మా దగ్గర టిఫిన్ తీసుకెళ్లే ఒక డాక్టరమ్మాయి ఉండేది. కాకినాడ పిల్ల, ఇక్కడి ఆసుపత్రిలో పైచదువు చదువుతూ డ్యూటీ చేసేది. గుమ్మం దగ్గరే నిలబడి మాస్కు లోంచి మాట్లాడేది. ఒకరోజు డబ్బా చేతికిస్తూ ఆమె ముందు నా కోపమంతా వెళ్లగక్కాను.

"అలా తిట్టకండక్కా, బావగారు పిచ్చోడేం కాదు," అందామె. "పూర్వం మనుషులు చిన్న చిన్న గుంపుల్లో బతికినప్పుడు, వేట బాగా ఆడేవాణ్ణి చూసే మిగతావాళ్లు నేర్చుకునేవారంట. వాడి గొప్ప దేంట్లో ఉందో తెలీదు కదా, అందుకని వాడి నడకా, వాడి తిండీ అన్నీ చేసేయడమే. రోజూ కనబడే మొహం అంటే మనోడే అప్పట్లో. ఇప్పుడా మొహం ఫోన్‌లో కనబడుతోందని మన బుర్రకి తెలీదు పాపం."

"మరి ఆ మనోడే ఏసుకొమ్మని చెప్పిండు గదమ్మా!"

"అడవిలో తెలియని పండు చూపించి, తినరా అని చెప్పి, తను మాత్రం తినకపోతే మీరు తింటారేంటక్కా? నోటిని కాదు, చేతిని చూస్తారు." డబ్బా సంచిలో పెట్టుకుంటూ, "ఇంతకీ మీరు వేయించుకున్నారా?" అంది.



నలభై ఐదు దాటినవాళ్లకు టీకా వేస్తున్నారు, నాకూ నలభై ఆరు నిండాయి. నేనూ వేయించుకోలేదు. ఎందుకంటే మా ఆయన ముందు వేయించుకోవాలని చూస్తున్నాను. ఆయన తిన్నాక తినడం ఎంత అలవాటయిందంటే, ఆగుతున్నానన్న సంగతే నాకు తెలియలేదు. ఆయన ఆ హీరో కోసం, నేను ఆయన కోసం! ఛీ, ఇన్నాళ్లూ ఎవరిని తిట్టాను నేను?

మర్నాడు పొద్దున ఎవరికీ చెప్పకుండా వెళ్లి వేయించుకున్నాను.  మధ్యాహ్నం అందరికీ వడ్డించి, మా ఆయన రాకముందే ఆయన చోట కూర్చున్నాను. అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పన్నెండు మందీ నోళ్లు తెరిచారు. వెనకాల గుమ్మంలో ఆయన.

"సూది ఏయించుకున్న. చూడుండ్రి, నాకేమైతదో," అన్నాను.

రెండు రోజులు జ్వరం. ఆ రెండు రోజులూ ఆయన డ్యూటీకి పోలేదు. గంటకోసారి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవాడు. తనే జావ కాస్తే మాడిపోయింది. "జర తాగు," అని దగ్గరే కూర్చున్నాడు.  అంత భయం ఆయన మొహంలో నేను ఎన్నడూ చూడలేదు, పైగా అది నా గురించి.

మూడో రోజు లేచి పొయ్యి ముట్టించాను. ఆయన స్నానం చేసి, ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని, "నడు," అన్నాడు. నలభై ఐదు దాటినవాళ్లు ఆరుగురు వెనక నడిచారు.

టీకా లైన్లో మా ముందున్న మనిషి, అతనిదీ మా వైపు ఊరే, మా ఆయన హీరో పిచ్చి తెలిసినవాడే, వెనక్కి తిరిగి, "ఏమన్నయితదా అన్నా? మీ హీరో ఏసుకున్నడా?" అని అడిగాడు.

"ఆయన సంగతి నాకెర్క లేదు. మా ఇంటామె ఏసుకున్నది," అన్నాడు మా ఆయన.

ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో నలుగురి ముందు ఆయన నన్ను చూపించి మాట్లాడటం అదే మొదలు. మాస్కు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే నేను ఏడుస్తున్నానని లైనంతా చూసేది.