ఎదురింటి యాంటీవైరస్

ఇంట్లో కంప్యూటర్‌కి ఏ యాంటీవైరస్ మంచిదో తేల్చుకోలేక సతమతమై, చివరికి ఈ రోజు నారాయణగూడ వెళ్లి ఒకటి కొన్నాను. సరిగ్గా అప్పుడే చిక్కడపల్లిలోని మా ఇంట్లో అమ్మ ముందు స్క్రీన్ ఎర్రగా మారి, "వైరస్ వచ్చింది, వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అందట. అమ్మ కంగారుగా నంబర్ నొక్కుతుంటే, ఎదురు ఫ్లాట్ అనసూయ ఆంటీ కరివేపాకు అడగడానికని, తెరిచి ఉన్న తలుపులోంచి నేరుగా లోపలికొచ్చింది.

"జర ఆగు వదినా! మనింట్ల వైరస్ ఉన్నదని వాళ్లకెట్ల తెలిసింది?"

"అవును కదా!" అంటూ అమ్మ ఫోన్ కింద పెట్టేసింది.

నేను వచ్చేసరికి ప్లగ్గు పీకేసి ఇద్దరూ టీ తాగుతున్నారు.

కొన్నది ఎలాగూ వేశాను. కానీ పగలు తలుపు గడియ పెట్టుకోమని అమ్మను ఇక పోరను. మీ ఇంటికి కరివేపాకు కోసం ఎవరొస్తారు?