పోగు తెగితే ఆగే చదువు

సారు పోయాడన్న మాట నాకు కేసముద్రం మార్కెట్ యార్డులో తెలిసింది. అప్పుడు నా భుజం మీద పత్తి నింపిన గోనె బోరెం ఉంది. వరంగల్ నుంచి వచ్చిన లారీ క్లీనరు టైరు మీద కాలు పెట్టి బీడీ ముట్టిస్తూ, "ఏ తమ్మీ, మీ కాశిబుగ్గల పుస్తకాలు సదివే సారు లేడా, గాయన వోయిండట. పొద్దుగాల దవాఖానల పానం ఇడిసిండట" అన్నాడు. బోరెం దించానో పడేశానో గుర్తులేదు. ఏడుపు మాత్రం రాలేదు. ముందుగా గుర్తొచ్చింది మా చేనేత సొసైటీ ఛైర్మన్ మొఖం. 'ఇక వీడు దండ పట్టుకొని వస్తాడు' అనుకున్నాను. పోయినవాళ్లను తలుచుకునే చోట ఇట్లాంటి మాటతో మొదలుపెట్టకూడదేమో. కానీ సారు నాకు చదవడం నేర్పాడు గానీ, లేనిది ఉన్నట్టు రాయడం నేర్పలేదు.

ఆయన రిటైరైన తెలుగు పంతులు. నాకు బడిలో చెప్పలేదు. ఆయన చెప్పి ఉంటే నేను బడి మానేసేవాణ్ని కాదేమో. బాపు దగ్గుతో మంచాన పడ్డప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఆయన బదులు మగ్గం గుంటలో దిగాను. బాపు లేచి కూర్చున్నాక మళ్లీ బడికి పోతే లెక్కల్లో తోటి పిల్లలెక్కడో ఉన్నారు, నేనెక్కడో ఉన్నాను. వెనక బెంచీలో కూర్చొని గోడకేసి చూసి చూసి ఒకరోజు లేచి వచ్చేశాను. ఎటు పోతున్నావని కూడా ఎవరూ అడగలేదు.

మా సొసైటీ షెడ్డులో అటు ఒక వరస, ఇటు ఒక వరస మగ్గాలు. జంపఖానాలు, దుప్పట్లు నేసేవాళ్లం. నడుమ ఒక ఇనప కుర్చీ ఉండేది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక సారు వచ్చి దానిలో కూర్చునేవాడు. షెడ్డు చివర చిన్న గదిలో ఆయన ట్రంకు ఉండేది. దాని నిండా పాత పుస్తకాలు. మూతపడ్డ లైబ్రరీల నుంచి, పాత కాగితాల కొట్ల నుంచి తెచ్చినవి. ఒక్కదానికీ అట్ట ఉండేది కాదు.

"సారూ, గీ కత రాసినోని పేరేంది?" అని మా పెద్ద నేతగాడు నర్సన్న కాక ప్రతిసారీ అడిగేవాడు.

"పేరున్న పేజీ చెదలు తిన్నది నర్సన్నా. చెదలుకు పేరే తియ్యగుంటది. కత జోలికి వోలే."

మగ్గాల చప్పుడులో చదవడం తేలిక కాదు. సారుది పెద్ద గొంతు కూడా కాదు. కానీ పేక పోగు మోసే నాడె అటు నుంచి ఇటు వచ్చే లోపల మాటను ఎట్లా జొప్పించాలో ఆయనకు తెలుసు. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటి ఉండేది. చదువు నడుస్తుండగా ఎవరి పోగు తెగినా గట్టిగా "పోగు తెగింది!" అని అరవాలి. సారు అక్కడికక్కడే ఆగేవాడు. ఆ మనిషి తెగిన కొసలు వెతుక్కొని ముడేసి, "ముడి వడ్డది" అనేదాకా నోరు విప్పేవాడు కాదు. తర్వాత ఆ వాక్యాన్ని మొదటినుంచి మళ్లీ చదివేవాడు. షెడ్డంతా ఆగి ఒక్కడి కోసం ఎదురుచూసేది.

నేను కొత్తగా దిగిన రోజుల్లో నా పోగులే ఎక్కువ తెగేవి. పక్క మగ్గాల వాళ్లు విసుక్కునేవాళ్లు. నూలు కండెలు చుట్టే మల్లక్క, "గీ పిలగాడున్నంతసేపు గా రాజు కోట దాటడు, గా రాణి తానం జెయ్యది" అని నవ్వించేది. ఒకసారి నాకు సిగ్గేసి, పోగు తెగినా చెప్పకుండా ఊరుకున్నాను. సారు చదువుతూ చదువుతూ నా చేతుల వంక చూసి ఆగిపోయాడు.

"చెప్పవేందిరా?"

"అందరు ఆగాల్నా సారు, నా ఒక్కని కోసం?"

"ఆగాలె. పోగు తెగినోన్ని ఇడిసిపెట్టి పుస్తకం ముంగటికి వోదు. బడి వోతది. పుస్తకం వోదు."

ఆ మాటతో నేను బతికాను. ఇది పొగడ్త కోసం రాయడం లేదు, నిజంగానే బతికాను.

ఆయన పుస్తకాల్లో మేము మళ్లీ మళ్లీ అడిగి చదివించుకున్న కథ ఒకటుంది. ఒక రాళ్లు కొట్టేవాడు ఊరికి దిగుడు బావి కడతాడు. వాడు చచ్చాక రాజు, ఆ బావి కట్టింది నేనేనని రాయి మీద తన పేరు చెక్కించుకుంటాడు. రాళ్లవాడి కొడుకు పగతో రగిలిపోయి బావిలో విషం కలపబోతాడు. నీళ్లకొచ్చిన ముసలమ్మ వాడి చెయ్యి పట్టుకొని, "రాజు ఈ నీళ్లు తాగడు నాయనా, మేమే తాగుతాం" అంటుంది. వాడు రోజూ కొలువుకు పోయి చేతులు కట్టుకొని, "మహారాజా, బావి ఎట్లా కట్టారో మళ్లీ ఒకసారి చెప్పండి" అని అడగడం మొదలుపెడతాడు. రాజు చెప్పినప్పుడల్లా కథ మారుతుంటుంది. ఒకరోజు రాయి తూర్పు గుట్ట నుంచి వస్తుంది, ఒకరోజు పడమటి గుట్ట నుంచి. కొలువులో ఎవరో కిసుక్కుమంటారు. అక్కడితో పేజీలు అయిపోయాయి. కడమవి లేవు.

"ఆఖరికి ఏమైంది సారు?" అంటే, "నాకేమెరుక? పాత పుస్తకం సగం చెప్పి సగం మన చేతుల వెడ్తది" అనేవాడు.

ఇక ఛైర్మన్ సంగతి. ఈయన చిన్నప్పుడు బడిలో సారు దగ్గరే చదువుకున్నాడు. సొసైటీ ఛైర్మన్ అయ్యాక స్కూటర్ కొన్నాడు. దాన్ని నిలబెట్టడానికి నీడ కావాల్సి వచ్చింది. ఒక వానాకాలం పొద్దున మేము పనికి వచ్చేసరికి చిన్న గదిలో స్కూటర్ ఉంది. ట్రంకు బయట చూరు కింద ఉంది. దాని మూతకు ముందునుంచీ గొళ్లెం లేదు. రాత్రంతా కురిసిన వాన చూరు మీది నుంచి సరిగ్గా దాని మీదనే పడింది.

సారు వచ్చి మూత ఎత్తి చూశాడు. తడిసిన పుస్తకం ఒకటి తీసి ఒడిలో పెట్టుకొని, పేజీకి పేజీ అంటుకొని ఉంటే గోటితో విడదీయబోయాడు. చిరిగింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడం నాకిప్పటికీ కనబడుతుంది. వాన వెలిశాక గల్లీలో నిలువు పోగుల పడుగు సాగదీసి గంజి పెట్టాల్సిన రోజు అది. మల్లక్క "గంజి గంగల గలవనీ" అని, ఆ కాగితాలను ఒక్కొక్కటే తెచ్చి పడుగు మీద పరిచింది. ఆడవాళ్లందరూ వచ్చారు. గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా దారాల మీద కథలు ఆరాయి.

నేను గడ్డపార తీసుకొని స్కూటర్ దగ్గరికి పోయాను. సారు వెనక నుంచి నా అంగీ పట్టుకున్నాడు.

"ఇడువుండ్రి సారు. స్కూటర్ తడుస్తదని పుస్తకాలు తడిపిండు. వాని స్కూటర్ ఎట్లుంటదో సూపిస్త."

"మొదటి పేజీల కొట్టినోడు రెండో పేజీల ఉండడు బిడ్డా. ఏ పుస్తకమన్న సూడు."

"గట్లయితే ఊకుండుమంటరా?"

"ఊకుండుమంటలే. పగ పడుగసొంటిది. గుంజితే తెగుతది, ఇడిసిపెడితే చిక్కువడ్తది. బిగువుగ వట్టుకో. దినం వస్తది."

క్షమించు అని ఆయన అనలేదు. చాలామంది పెద్దలు అదే చెబుతారు. సారు చెప్పలేదు. అందుకే ఆ మాట నాలో నిలిచింది.

వారం తిరగకముందే ఛైర్మన్ షెడ్డులో రేడియో పెట్టించాడు. "పుస్తకం సదివితే పని ఆగుతాంది. పాటలు వెట్టుకోండ్రి, చేతులు ఉషారుగ నడుస్తయ్. చదువు ఇగ బంద్" అన్నాడు. ఆ మాట సారుతో నేరుగా చెప్పలేదు, వాచ్‌మన్‌తో చెప్పించాడు. సారు ఆ తర్వాత షెడ్డు గడప తొక్కలేదు. కుర్చీ మాత్రం అక్కడే ఉండిపోయింది. నేనూ అక్కడ ఉండలేకపోయాను. మగ్గం తమ్ముడికి అప్పగించి, లారీల మీద కొన్నాళ్లు, మార్కెట్‌లో కొన్నాళ్లు తిరిగాను. ఎక్కడా కుదురు లేదు.

ఇంటికి వచ్చినప్పుడల్లా సారు అరుగు మీద కూర్చునేవాణ్ని. ఆఖరి రోజుల్లో ఆయన కండ్లు పని చేయక, పుస్తకం నా చేతికిచ్చేవాడు. నీటి మరకల పుస్తకాలు. నేను చదువుతుంటే ఆయనకు దగ్గు తెర వచ్చేది. చెయ్యి పైకెత్తి, "పోగు తెగింది" అనేవాడు. నేను ఆగేవాణ్ని. దగ్గు తగ్గాక నవ్వుతూ, "ముడి వడ్డది, సదువు" అనేవాడు. వాక్యం మొదటినుంచి చదివేవాణ్ని. ఒక్కోసారి దగ్గు చాలాసేపు తగ్గేది కాదు. అయినా ఆగేవాణ్ని.

దినాలు అయ్యాక ఛైర్మన్ షెడ్డులో సంతాప సభ పెట్టాడు. ఇనప కుర్చీలో సారు ఫోటో పెట్టించి, పెద్ద దండ తానే వేశాడు. పేపరు విలేఖరిని కూడా పిలిపించుకున్నాడు. అయితే ఆయన బుద్ధి ఆయనను వదలదు కదా. "పని ఆపకుండ్రి, ఢిల్లీ ఆర్డరున్నది. నేసుకుంటనే ఇనుండ్రి" అన్నాడు. రేడియో ఆపేసి, మాట్లాడటం మొదలుపెట్టాడు. నేను తమ్ముణ్ని లేపి నా పాత గుంటలో దిగి కూర్చున్నాను.

"మిత్రులారా, సారు నాకు తండ్రితో సమానులు. ఈ షెడ్డులో చదువు ఆగకూడదని నేను ఎంతగానో..."

"పోగు తెగింది!"

నర్సన్న కాక. ఆయన పోగు నిజంగానే తెగింది. ఎన్నేళ్ల అలవాటో, నోరు దానంతటదే అరిచింది. మగ్గాలన్నీ ఆగాయి.

"ఏందది?" అన్నాడు ఛైర్మన్.

"పోగు తెగింది ఛైర్మన్ సాబ్. జర ఆగుండ్రి." కాక కొసలు వెతికి నిదానంగా ముడేశాడు. "ముడి వడ్డది. గా మాట మొదటికెల్లి చెప్పుండ్రి. సారు కట్టుబాటు గదా."

విలేఖరి చూస్తున్నాడు. ఛైర్మన్ తప్పక నవ్వి మళ్లీ చెప్పాడు. "సారు నాకు తండ్రితో సమానులు. వారి చదువు సాగడం కోసం నేను షెడ్డులో..."

అప్పుడు నేను నా పడుగులో ఒక పోగును గోటికి చుట్టి పుటుక్కున తెంపాను. దినం వచ్చింది.

"పోగు తెగింది!"

ముడి వేయడానికి ఎంతసేపు పట్టాలో అంతసేపు పట్టించాను. "ముడి వడ్డది. మొదటికెల్లి, సాబ్."

"సారు నాకు పెద్దన్న లెక్క. వారి పుస్తకాలను కాపాడింది ఎవరు? నేను. ట్రంకును..."

"పోగు తెగింది!" ఈసారి అవతలి వరస. ఎవరో నేను చూడలేదు. నేతగాడు తన పోగు తాను తెంపుకోవడమంటే ఏమిటో మగ్గం మీద కూర్చున్నవాళ్లకే తెలుసు. తర్వాత ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు. ప్రతిసారీ ఆగడం, ముడి, మొదటికెల్లి. ఆఖరుకు నేను మళ్లీ ఒకటి తెంపాను, నాతోపాటు ఇంకొందరు ఒకేసారి అరిచారు; ఆ ముడులు పడకముందే ఆయన చెమట తుడుచుకుంటూ అందుకున్నాడు. పుస్తకం భాష పోయి అసలు భాష వచ్చింది.

"ఏమయ్యా, చెప్తలేనా! గా ట్రంకు నేనే లోపల వెట్టిచ్చిన. వాన గొడితె స్కూటర్ బయట వెట్టి, పుస్తకాలు లోపల వెట్టిచ్చిన!"

స్కూటర్ మాట అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు.

మల్లక్క కండె చుట్టుకుంటూ, తల ఎత్తకుండానే అంది: "గట్లనా సాబ్? మరి గా కాయిదాలు నేను పడుగు మీద ఎందుకు ఆరేసిన? ఎండకు సూపిద్దామనా?"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆ వరస, ఈ వరస. విలేఖరి కూడా మొఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఎవన్రా పోగులు తెంపేటోడు?" అన్నాడు ఛైర్మన్. ఆయన కండువా సర్దుకొని బయటికి పోయాడు. కోపంలో స్కూటర్ కూడా తీసుకోలేదు, నడిచే పోయాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పుడూ లేదు.

నర్సన్న కాక నా వైపు తిరిగాడు. "సదువు తమ్మీ."

సంచిలో తెచ్చుకున్న దిగుడు బావి పుస్తకం తీసుకొని గుంటలోంచి లేచాను. కుర్చీలో ఫోటో ఉంది కాబట్టి పక్కన నిలబడ్డాను. అందరూ ముడులు వేసేదాకా ఆగాను. "ముడి వడ్డది" అని ఒకటి, "ముడి వడ్డది" అని ఇంకొకటి, అటు చివరి దాకా వినిపించాయి.

"నీదో?" అన్నాడు కాక. నేను రెండోసారి తెంపింది అట్లాగే వేలాడుతోంది.

"నాది ఉండనీ కాకా."

ఆయన నన్ను ఒక చూపు చూసి, నాడె విసిరాడు. మొదటి వాక్యం చదివాను. ఖాళీ గుంట మీద నా పడుగులో ఆ ఒక్క పోగు కిటికీ గాలికి ఊగుతూ ఉంది. దాని వెనక చిన్న గది తలుపు తెరిచే ఉంది. లోపల పొడిగా, మెరుస్తూ, స్కూటర్ నిలబడి ఉంది.